తెల్లగీతకి ఇవతల

హళదియాపదర్ దాటేక రోడ్డుకి రెండు పక్కలా
అన్నీ ఉన్నాయి.
కార్ల షోరూములు మూడు, కార్లు కడిగే షెడ్లు ఐదు,
కారు దిగకుండానే కాఫీ అందించే కిటికీ ఒకటి.
మనిషి కాలు పెట్టడానికే
తెల్లగీతకీ మురిక్కాలవకీ మధ్య
జానెడు.
సరిగ్గా ఒక చెప్పూ,
దాని పక్కన ఇంకో సగం చెప్పూ.

పొద్దున్న ఏడున్నరకి అందులో మేం నలుగురం.
ముందు తవిటమ్మ, మూడిళ్ల వంట.
వెనక నర్సింగు చదివే పిల్ల,
తెల్లకోటు మడిచి సంచిలో దాచుకుని.
ఆ వెనక నీలాచలం, భుజాన టైల్సు కోసే మిషను.
చివర నేను.
చీమల్లా అనకండి,
చీమలు ఆగి పలకరించుకుంటాయి.
మేం వెనక్కి తిరిగితే లారీ అద్దం భుజానికి తగులుద్ది.
అందుకని ముందున్న వీపుతోనే కబుర్లు.
నీలాచలం బనీను సిమెంటు కంపెనీ ఊరికే ఇచ్చింది,
వీపు మీద అక్షరాలు మూడే మిగిలాయి.
నాకవి కంఠతా వచ్చు.

దాటడానికి వంతెన కడతామని బోర్డు పెట్టి నాలుగేళ్లు.
ఎండాకాలం ఆ బోర్డు నీడన నిలబడతాం, అదీ మేలే.
మధ్యనున్న ఇనపకంచె ఎవరో ఒకచోట వంచేరు.
ఆ మహానుభావుడెవరో గానీ
రోజూ దండం పెట్టుకునే దూరతాను.

గోపాలపూర్ బస్సు కనబడకముందే
ఎండుచేపల వాసన వస్తుంది.
"రఖ, రఖ! మాఉసీ, ఆస, ఆస!"
టునా తలుపు మీద రెండు దెబ్బలు కొడతాడు.
మాతో తెలుగు, వాళ్లతో ఒడియా,
తిట్లు మాత్రం ఎవరికైనా ఒకటే.
మమ్మల్ని చూస్తే వాడికి నెమ్మది,
నడిచొచ్చే వాళ్ల దగ్గరే చిల్లరుంటుంది.

బడాబజారులో నా పని పట్టుచీరలు పరిచి చూపడం.
కాళ్లు కడుక్కుంటే గానీ పరుపెక్కకూడదు.
నా కాళ్ల నీళ్లు పోయే రంగు చూసి
ఆవేళ ఏ వీధి తవ్వేరో చెప్తాడు గుమాస్తా.

శ్రావణంలో ఒకరోజు,
గొడుగు తిరగబడిపోయిన వానలో
తెల్లకారు ఆగింది.
అద్దం దించి పాఢీ మేడం,
"నువ్వు చీరల కొట్లో పిల్లవి కదూ, ఎక్కు."

ఎక్కేను.
సీటు తడుస్తుందని అంచునే కూర్చున్నాను,
చెప్పులు ఒళ్లో పెట్టుకుని.
లోపల వాన లేదు,
చప్పుడు కూడా లేదు.
షోరూములు, షెడ్లు, బోర్డు, జరజరా వెనక్కెళ్లిపోయాయి.
పన్నెండేళ్లుగా నాకు అరగంట దారి
మూడు నిమిషాల్లో అయిపోతుంటే
తక్కిన ఇరవై ఏడు నిమిషాలూ
ఇన్నాళ్లూ ఎవరి ఖాతాలో పడ్డట్టు?

అప్పుడు హారను.
ముందు ఒక వీపు. వీపు మీద మూడక్షరాలు.
మళ్లీ హారను.
"వీళ్లు రోడ్డు మీదే నడుస్తారమ్మా,"
మేడం కోపం లేకుండానే అంది.
తెల్లగీత నీళ్లకింద ఎక్కడుందో
మాకెవ్వరికీ తెలీలేదు.

నీలాచలం కాలవలోకి దిగేడు, మోకాలి దాకా,
మిషను తడవకుండా నెత్తికెత్తి.
తల తిప్పి సూటిగా నన్నే చూశాడు.
నల్లద్దంలో అతనికి కనబడింది అతని మొహమే అయ్యుంటుంది.
నేను చెయ్యెత్తేను.
ఆ మనిషి మావాడే అనాలి మేడంతో.
ఆ మాట కొట్టు దగ్గర దిగేదాకా గొంతులోనే ఉంది.
మేడం మంచిదే. గుమ్మంలోనే దింపింది.

ఆవేళ కాళ్లు కడిగితే
నీళ్లు నీళ్లలాగే పోయాయి.
"ఏటి, ఎగిరొచ్చేవా?" అన్నాడు గుమాస్తా.

మర్నాడు మళ్లీ నలుగురం.
నీలాచలం లాగు మీద ఎండిన బురద చార.
"నిన్నొక తెల్లకారు," అని మొదలెట్టేడు,
ముందుకి చూస్తూనే,
"లోపలున్నోళ్లకి మనం అగుపించం గావాల."

"అగుపిస్తాం," అన్నాను.

ఎలా తెలుసని అడగలేదు.
అడుగుతాడేమోనని
కంచె దాకా
ఆ మూడక్షరాలూ చదువుకుంటూ నడిచేను.
ఎండుచేపల వాసన వచ్చింది.
చిల్లర తీసి పిడికిట్లో పట్టుకున్నాను.